ఊక బూడిద గ్లేజుతో రెల్లు గిన్నెలు: ప్రాజెక్టు డైరీ

చేయాలనుకున్నది: రెండు అరచేతుల్లో ఇమిడే టీ గిన్నెలు. కాలిన తర్వాత వ్యాసం 12 సెం.మీ., ఎత్తు 7.5 సెం.మీ. బయటి వైపు ఇనుప మట్టితో గీసిన రెల్లు గడ్డి, దాని మీద వరి ఊక బూడిదతో తయారైన పాలరంగు గ్లేజు (కాల్చితే గాజులా మారే పైపొర).

జపాన్ కుండల్లో ఎన్నో దారులున్నాయి. బిజెన్ అనే చోటి కుండల అందం కట్టెల కిల్న్‌లో (కుండలు కాల్చే బట్టీలో) రోజుల తరబడి ఎగిరిన బూడిద నుంచి వస్తుంది. నా దగ్గరున్నది మేడ మీద షెడ్డులో 60 లీటర్ల ఎలక్ట్రిక్ కిల్న్. అందులో బూడిద ఎగరదు. బిజెన్‌ను అనుకరించడానికి స్ప్రే చేసి నకిలీ మచ్చలు వేయడం నాకు ఇష్టం లేదు. అందుకే క్యూషూ దీవిలోని కరత్సు వైపు చూశాను. అక్కడ గడ్డి గీతలున్న కుండలు ఉన్నాయి, వరిగడ్డి బూడిదతో చేసిన తెల్ల గ్లేజు కుండలూ ఉన్నాయి. పని మంటది కాదు, ముడిసరుకుది. వరి బూడిద దొరకడం తెలంగాణలో కష్టమేమీ కాదు కదా.

ఇదే పని చేయాలనుకునేవాళ్ల కోసం కొలతలన్నీ రాస్తున్నాను. మీ మట్టి, మీ కిల్న్ వేరు కాబట్టి అంకెలు కొద్దిగా మారతాయి. వరుస మాత్రం మార్చకండి.

దశ 1: మట్టి, ఆకారం

ముందు కుంచించుకుపోవడం కొలవాలి. మట్టి పట్టీ మీద 10 సెం.మీ. గీత గీశాను. ఆరాక 9.4, బిస్క్ (గ్లేజు వేయకముందు చేసే తక్కువ వేడి కాల్పు) తర్వాత 9.3, కోన్ 9 (వేడి కొలత, దాదాపు 1260 డిగ్రీలు) దాకా కాల్చాక 8.8. అంటే మొత్తం 12 శాతం. 12 సెం.మీ. గిన్నె కావాలంటే సారె మీద 13.6 తీయాలి. ఎత్తు 8.5.

కొన్న స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి నిలిచేది) పక్కనే చెరువు మట్టి పట్టీ కూడా పెట్టి చూశాను. ఊళ్లో కుండలు చేసే తాత ముందే అన్నాడు: "ఈ మట్టి మా ఆవం వేడికి సరిపోద్ది బాబూ, మీ కరెంటు బట్టీలో నిలవదు." 1260 డిగ్రీల దగ్గర అది ఉబ్బి, నల్లగా కరిగి, కింద పెట్టిన పెంకుకు అతుక్కుపోయింది. స్టోన్‌వేర్‌లో 8 శాతం చెరువు మట్టి కలిపిన పట్టీ మాత్రం నిలిచింది, పైగా గోధుమ రంగు చుక్కలు వచ్చాయి. గిన్నెలన్నీ ఆ కలయికతోనే చేశాను.

1. ఒక్కో గిన్నెకు 500 గ్రాముల మట్టి. సారె మీద పెట్టేముందు బాగా పిసకాలి.
2. అడుగు తెరిచాక బయట నుంచి మధ్యకు, మధ్య నుంచి బయటకు వేళ్లతో గట్టిగా నొక్కాలి.
3. గోడ మందం అడుగున 7 మి.మీ., అంచు దగ్గర 4. అంచు మరీ సన్నగా ఉంటే పెదవికి బాగుండదు.
4. గోళ్లు దిగనంత గట్టిపడ్డాక ట్రిమ్మింగ్, అంటే అడుగు చెక్కి పాదం తీయడం. పాదం వ్యాసం 5.5, ఎత్తు 0.8 సెం.మీ.
5. పాలిథిన్ కప్పి ఆరనివ్వాలి. ఫ్యాన్ గాలి తగలకూడదు.

ఇందులో రెండో మెట్టు చాలా ముఖ్యం. అడుగు సరిగా నొక్కని రెండింటిలో ఆరేటప్పుడే ఎస్ ఆకారంలో పగులు వచ్చింది. ఇంకొకటి ఫ్యాన్ వైపు అంచు ముందే ఆరి చీలింది. వానాకాలం కాబట్టి మూడింటితో పోయింది, ఎండాకాలంలో అయితే ఇంకా జాగ్రత్త పడాలి.

అంచు గురించి ఒక మాట. సారె తీసినంత సమంగా అంచు ఉంటే గిన్నె హోటల్ కప్పులా కనిపిస్తుంది. అలాగని వేళ్లతో ఎక్కడపడితే అక్కడ నొక్కి వంకర చేస్తే అది ఇంకా అధ్వాన్నం, వంకర చేసినట్టు తెలిసిపోతుంది. తడి స్పాంజితో అంచును ఒకే ఒక్కసారి, సారె నెమ్మదిగా తిరుగుతుండగా, చెయ్యి కొద్దిగా పైకీ కిందకీ కదిలిస్తూ తుడిచాను. 2 మి.మీ. లోపు ఎత్తుపల్లాలు వచ్చాయి. అంతే చాలు.

ఇప్పటిదాకా: తీసినవి 20, నిలిచినవి 17. కరెంటు 0.

దశ 2: బిస్క్

950 డిగ్రీలు. 600 వరకు గంటకు 80, ఆ తర్వాత 120. అడుగు మందంగా మిగిలిన ఒక గిన్నె లోపలి తేమకు పగిలింది. చెప్పుకోవాల్సిందేమీ లేదు.

ఇప్పటిదాకా: నిలిచినవి 16. కరెంటు 24 యూనిట్లు.

దశ 3: బూడిద

ఎక్కువ సమయం తిన్న దశ ఇదే. చదివేవాళ్లు కూడా ఇక్కడ తొందరపడొద్దు.

ఊక బూడిద మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు నుంచి తెచ్చాను. బాయిలర్ దగ్గర పనిచేసే అన్న అడిగాడు: "నల్లది కావాలా సార్, తెల్లదా?" బాయిలర్ నుంచి అప్పుడే బయటికి తోసింది నల్లగా ఉంటుంది, అందులో కాలని బొగ్గు ఎక్కువ. బయట కుప్పలో రోజుల తరబడి నిదానంగా రగిలింది బూడిద రంగు నుంచి తెలుపుకు తిరుగుతుంది. రెండూ తెచ్చాను. మీరు తెల్లదే అడగండి.

ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికానే. అంటే దాదాపు గాజుకు కావలసిన ఇసుక. దాన్ని కరిగించేది ఫెల్డ్‌స్పార్ (ఒక రకం రాతి పొడి), కర్ర బూడిద. బొగ్గు మిగిలిపోతే రెండు ఇబ్బందులు: తూకం తప్పుతుంది (బొగ్గు కాలిపోయి మాయమవుతుంది), గ్లేజులో బుడగలు లేస్తాయి.

నల్ల బూడిదను ఒక గిన్నెలో నింపి బిస్క్‌తో పాటే 950 దాకా కాల్చాను. పైపొర తెల్లబడింది. లోపల మాత్రం నల్ల ఉండలు గట్టిగా అలాగే ఉన్నాయి. కారణం, ఊకలో ఉండే పొటాషియం వేడికి సిలికా పైపొరను కరిగించి బొగ్గును లోపలే మూసేస్తుంది. ఒకసారి అలా మూసుకుపోతే ఎంత వేడి పెట్టినా గాలి అందదు. ఎక్కువ వేడి కాదు, తక్కువ వేడి ఎక్కువసేపు కావాలి.

మార్చిన పద్ధతి:

1. వెడల్పు మట్టి పళ్లెంలో 2 సెం.మీ. మించకుండా పరచాలి.
2. గంటకు 80 చొప్పున 650 డిగ్రీలకు.
3. 650 దగ్గర 3 గంటలు నిలపాలి. కిల్న్ పైరంధ్రం తెరిచే ఉంచాలి.
4. చల్లారాక తూకం. నాకు 1000 గ్రాములకు 790 మిగిలాయి.

ఈసారి లేత బూడిద రంగు పొడి వచ్చింది. ఉండలు లేవు. తక్కువ వేడికి ఇంకో లాభం ఉంది: బాగా ఎక్కువ వేడిలో కాలిన ఊక బూడిద స్ఫటిక సిలికాగా మారుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. ఏ బూడిదతో పనిచేసినా ఎన్95 మాస్కు తప్పనిసరి. చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి.

పొడి చేయడానికి పాత వెట్ గ్రైండర్ వాడాను. ఇక వంటకు వాడనిదే తీసుకోవాలి. నీళ్లతో అరగంట తిప్పితే 80 మెష్ (అంగుళానికి 80 కన్నాల) జల్లెడ దాటింది. గంట తిప్పిన బ్యాచ్ ఇంకా మెత్తగా, వెన్నలా వచ్చింది. దాని సంగతి దశ 5లో.

కర్ర బూడిద కట్టెల పొయ్యి మీద వండే హోటల్‌లో దొరికింది, ఎక్కువగా తుమ్మ కర్రది. బకెట్లో నీళ్లు పోసి, తేలిన బొగ్గు తీసేసి, అడుగుకు దిగాక పైనీళ్లు వంపాలి. అలా మూడుసార్లు. ఆ నీళ్లు క్షారం, చర్మం కాలుతుంది. గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు. కడగడం వల్ల కరిగించే శక్తి కొంత తగ్గుతుంది గానీ బ్యాచ్‌కు బ్యాచ్‌కు తేడా రాదు. ఇంకెవరైనా చేసి చూడాలంటే నిలకడే ముఖ్యం.

ఇప్పటిదాకా: గిన్నెలు 16. కరెంటు 37 యూనిట్లు.

దశ 4: పలకల మీద పరీక్షలు

మొదట మూడే మిశ్రమాలు. వరుసగా ఫెల్డ్‌స్పార్, కర్ర బూడిద, ఊక బూడిద:

క: 50, 30, 20. దాదాపు పారదర్శకం. కింద చుక్క కట్టింది.
గ: 40, 30, 30. పాలరంగు. మందంగా ఉన్నచోట నీలి ఛాయ, అంచు మీద పలచబడి గోధుమ రంగు.
చ: 30, 30, 40. పొడిగా, గరుకుగా ఉండిపోయింది. వేలితో రుద్దితే గీసుకుంటుంది.

కరత్సులో వాడే వరిగడ్డి బూడిదలో ఊక బూడిద కంటే సిలికా తక్కువ, కరిగించే పదార్థాలు ఎక్కువ. గడ్డి బూడిదకు రాసిన పాళ్లను ఊక బూడిదకు అలాగే వాడితే 'చ' లాంటి ఫలితమే వస్తుంది. 'గ' ఎంచుకున్నాను.

ఇనుప రంగుకు జహీరాబాద్ వైపు ఎర్ర మొరం తెచ్చి నూరి, 100 మెష్ జల్లెడ పట్టి, మూడు పాళ్లకు ఒక పాలు బాల్ క్లే (మెత్తని జిగట మట్టి) కలిపాను. కాలాక కాఫీ గింజ రంగు. బిస్క్ నీటిని వెంటనే పీల్చేస్తుంది కాబట్టి కుంచె మధ్యలోనే ఆగిపోతుంది. నానబెట్టిన తుమ్మ జిగురు నీళ్లు కొంచెం కలిపితే కుంచె జారింది. ఆ నీళ్లు మూడు నాలుగు రోజులకే పులుస్తాయి, అప్పటికప్పుడు చేసుకోవాలి.

శ్రీకాళహస్తి కలంకారీ కలంతోనూ గీసి చూశాను. దానికి చుట్టిన ఉన్ని రంగును బాగా పట్టుకుంటుంది, బిస్క్ మీద కూడా ఆగకుండా పోతుంది. కానీ గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. రెల్లు ఆకు మొదట సన్నగా, మధ్యలో వెడల్పుగా, కొసన సూదిలా ఉండాలి. దానికి పొడవైన వెంట్రుకల కుంచే సరి.

ఇప్పటిదాకా: గిన్నెలు 16. కరెంటు 77 యూనిట్లు.

దశ 5: మొదటి గ్లేజు కాల్పు, ఆరు గిన్నెలు

కోన్ 9. ప్రోగ్రామ్‌లో 1260 డిగ్రీలు, అక్కడ 30 నిమిషాల నిలుపు. గిన్నె మొత్తం గ్లేజులో 6 సెకన్లు ముంచాను. గ్లేజు చిక్కదనం: 100 మి.లీ.కి 156 గ్రాములు.

ఫలితం:

- రెండింటిలో లోపలి గ్లేజు ముడుచుకుని మట్టి బయటపడింది.
- ఒకటి కారి షెల్ఫ్‌కు అతుక్కుంది.
- ఒకదాని నిండా బుడగలు.
- మిగిలిన రెండు బాగున్నాయి.
- ఆరింటిలోనూ గడ్డి బొమ్మ మాయం.

ఒక్కొక్కటి విప్పి చూద్దాం.

ముడుచుకున్న రెండూ గంటసేపు నూరిన బూడిదతో చేసిన గ్లేజువి. రేణువులు మరీ సన్నగా ఉంటే ఆరేటప్పుడే పొర కుంచించుకుని పగులుతుంది, కాలేటప్పుడు ఆ పగుళ్ల దగ్గర విడిపోతుంది. కాల్చకముందే బూతద్దంతో చూస్తే ఆ వెంట్రుక పగుళ్లు కనిపిస్తాయి. కనిపిస్తే కడిగేసి మళ్లీ వేయాలి. సూదితో గీసి చూస్తే పొర 1.5 మి.మీ. ఉంది, అదీ ఎక్కువే.

ఇక్కడ చాలామంది ఒక ఉదాహరణ చెబుతారు. క్యోటోలో దైతొకుజి ఆలయానికి చెందిన కొహో-అన్‌లో కిజయెమోన్ అనే కొరియా గిన్నె ఉంది, జపాన్ జాతీయ సంపద. దాని పాదం చుట్టూ గ్లేజు ముడుచుకుని పూసలు కట్టి ఉంటుంది, దాన్ని కైరగి అంటారు, టీ కళాకారులు ఎంతో మెచ్చుకుంటారు. కాబట్టి ముడుచుకుంటే తప్పేముంది అని. నేను ఒప్పుకోను. ఆ గిన్నెలో అది పాదం దగ్గర, కుమ్మరి పరికరం గీసి గరుకైన చోట వచ్చింది, పూసలన్నీ గట్టిగా అతుక్కుని ఉన్నాయి. నా గిన్నెల్లో అది టీ పోసే చోట, గోరు పెడితే పెచ్చు ఊడే స్థితిలో వచ్చింది. పెచ్చులూడే గిన్నెకు వాబి సాబి (లోపంలో అందం చూసే జపాన్ భావన) అని పేరు పెట్టి ఎవరికైనా ఇవ్వడం అన్యాయం. సుత్తితో పగలగొట్టాను.

కారిన గిన్నెకు కారణం 30 నిమిషాల నిలుపు. అంతసేపు ఉంచితే సిలికా ఇంకా కరిగి, పాలరంగు తగ్గి, గ్లేజు పలచబడి జారుతుంది. బుడగలు వచ్చినదానికి కాల్చని నల్ల బూడిద గ్లేజు పోశాను, పోల్చడానికి. మాట రుజువైంది.

బొమ్మ మాయం కావడం అన్నిటికంటే ఆలోచించాల్సిన విషయం. కరత్సులో గడ్డి గీతలున్న కుండలకు పలచటి పారదర్శక గ్లేజు వేస్తారు. వరిగడ్డి బూడిద తెలుపు వేరే రకం కుండలకు. రెంటినీ ఒకే గిన్నె మీద ఒకదాని మీద ఒకటి వేస్తే తెలుపు గెలుస్తుంది.

ఇప్పటిదాకా: బిస్క్ గిన్నెలు మిగిలినవి 10, పూర్తయినవి 2 (బొమ్మ లేకుండా). కరెంటు 120 యూనిట్లు.

దశ 6: రెల్లును మళ్లీ చూడటం

అప్పటికి వానలు తగ్గి, మంజీర ఒడ్డున రెల్లు పూసింది. స్కెచ్ పుస్తకంతో వెళ్లాను.

అంతవరకు నేను గీసింది జపాన్ బొమ్మల్లోని సుసుకి గడ్డి. అది కూడా శరత్కాలంలోనే పూస్తుంది, రెల్లుకు దగ్గరి చుట్టం. కానీ పూత వేరు. సుసుకి కంకి వేళ్లు విప్పిన చెయ్యిలా విడిపోతుంది. రెల్లు వెన్ను ఒకే కదురులా, నిటారుగా, సన్నగా, తెల్లగా ఉంటుంది. ఆకులు మూడింట రెండొంతుల ఎత్తు వరకు నిలువుగా వెళ్లి అక్కడ ఒక్కసారిగా వంగుతాయి. గాలికి అన్నీ ఒకే వైపు. దూరం నుంచి కాండం చివర ఎక్కడో కనబడదు, పై భాగమంతా ఒకే తెలుపు.

అక్కడే పరిష్కారం దొరికింది. వెన్నును గీయాల్సిన పనే లేదు. గిన్నె కింది భాగంలో పారదర్శక గ్లేజు కింద కాండాలు, ఆకులు. పై మూడో వంతుకు ఊక బూడిద తెలుపు. కాండాలు ఆ తెలుపులోకి వెళ్లి మాయం కావాలి. మొదటి కాల్పులో బొమ్మను మింగేసిన గుణమే ఇప్పుడు పూత అవుతుంది.

మార్పులు:

1. తెల్ల గ్లేజు: ఫెల్డ్‌స్పార్ 40, కర్ర బూడిద 30, ఊక బూడిద 25, బాల్ క్లే 5, పైన బెంటొనైట్ (నీళ్లలో ఉబ్బే మట్టి) 1. క్లే లేకపోతే గ్లేజు బకెట్ అడుగున రాయిలా పేరుకుంటుంది.
2. పారదర్శక గ్లేజు: ఫెల్డ్‌స్పార్ 60, కర్ర బూడిద 35, బాల్ క్లే 5. లేత గడ్డి రంగు ఇస్తుంది.
3. ఊక బూడిద నూరడం అరగంటే.
4. చిక్కదనం 100 మి.లీ.కి 143 గ్రాములు. ముంచడం 3 సెకన్లు. పొర 0.8 మి.మీ.
5. రెండు గ్లేజులు కలిసే పట్టీ 1 సెం.మీ. దాటకూడదు. అక్కడ ఒకదాన్ని ఒకటి కరిగించుకుని జారతాయి.
6. పాదం పైన 1.5 సెం.మీ. ఖాళీ మట్టి.
7. 1260 దగ్గర నిలుపు 10 నిమిషాలు.
8. బొమ్మలో ఆకులు తగ్గించడం. మొదటి గిన్నెల్లో గిన్నె చుట్టూ గీశాను, పొలంలా అయ్యింది. ఇప్పుడు ఒక వైపే మూడు కాండాలు, రెండు ఆకులు. మిగతా గోడంతా ఖాళీ.

ఎనిమిదో మార్పుకే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. ఖాళీగా వదిలిన గోడ మీద చెరువు మట్టి చుక్కలు, వేలి గాడులు కనిపిస్తాయి. వాటికి చోటిస్తే గడ్డి బయట నిలబడినట్టు ఉంటుంది.

దశ 7: రెండో గ్లేజు కాల్పు, పది గిన్నెలు

- ఎనిమిది బాగా వచ్చాయి. కాండాలు తెలుపు అంచు దగ్గర కొద్దిగా కరిగి, గోధుమ రంగు పాయగా పైకి పాకి ఆగాయి.
- ఒకదానిలో లోపల బఠాణీ గింజంత చోట గ్లేజు ముడుచుకుంది. బిస్క్ మీద దుమ్ము. తడి స్పాంజితో తుడవడం తప్పనిసరి మెట్టుగా చేర్చుకోండి.
- ఒకటి కారి పాదానికి అంటుకుంది. అందులో రెండు గ్లేజులు కలిసే పట్టీ దాదాపు 2 సెం.మీ. ఉంది.

ఇప్పటిదాకా: తీసినవి 20, బొమ్మతో పూర్తయినవి 8, బొమ్మ లేనివి 2. కరెంటు 164 యూనిట్లు.

దశ 8: వాడుకకు పనికొస్తాయా

1. నీరు పీల్చడం: పొడి గిన్నె 309 గ్రాములు. రెండు గంటలు మరిగించి, నీళ్లలోనే చల్లార్చి, తుడిచి తూచితే 315. దాదాపు 1.9 శాతం. టీ గిన్నెకు చాలు, పెరుగు తోడుపెట్టి రోజంతా ఉంచడానికి వాడను.
2. పసుపు నీళ్లు: రాత్రంతా పోసి ఉంచాలి. గ్లేజులో కంటికి కనబడని పగుళ్లు, పిన్‌హోల్స్ (సూదిమొనంత రంధ్రాలు) పొద్దుటికి పసుపు గీతలుగా, చుక్కలుగా తేలతాయి. ఒకదాని అడుగున పిన్‌హోల్స్ గుంపు బయటపడింది. దాన్ని పక్కన పెట్టాను.
3. వెనిగర్: రాత్రంతా. తెల్ల గ్లేజు రంగు మారలేదు, మెరుపు తగ్గలేదు. 'చ' పలక మాత్రం వెనిగర్ తాకినంత మేర వెలిసింది. పొడిగా ఉండే గ్లేజు ఎంత అందంగా కనిపించినా తినే, తాగే గిన్నె లోపల వేయొద్దు.
4. మరిగే నీళ్లు పోసి, వంపి, వెంటనే ఐసు నీళ్లు. ఏదీ చిట్లలేదు.

పసుపు గీతల గురించి: జపాన్‌లోని హగి గిన్నెల్లో టీ ఏళ్ల తరబడి పగుళ్లలోకి ఇంకి రంగు మారడాన్ని మెచ్చుకుంటారు. నా గిన్నెల్లోనూ కింది పారదర్శక భాగంలో సన్నని పగుళ్ల వల ఉంది, అది బయటివైపే. లోపల తెల్ల గ్లేజులో లేదు. అలాగే ఉండనిచ్చాను.

చివరి లెక్క: తీసినవి 20. బొమ్మతో వాడుకకు 7, బొమ్మ లేనివి 2. కరెంటు 164 యూనిట్లు. అందులో 53 బూడిదకూ పలకలకే పోయాయి. ఆ 53 దగ్గర పొదుపు చేయకండి.

తర్వాతి బ్యాచ్‌కు మారేవి రెండే. తెల్ల గ్లేజులో ఊక బూడిద 25 నుంచి 27కు, ఫెల్డ్‌స్పార్ 38కి: పై అంచున తెలుపు ఇంకొంచెం చిక్కగా కావాలి. కాండాలు మూడు నుంచి రెండు.